శ్రావణం జాకెట్లు కొన్ని తిరిగి ఇచ్చేస్తున్నాను

అమ్మలకీ, అక్కలకీ, చెల్లెళ్ళకీ నమస్కారం.

శ్రావణానికి కుట్టమని మీరిచ్చిన జాకెట్లలో 46 కుట్టకుండానే తిరిగి ఇచ్చేస్తున్నాను. ఎవరివో వాళ్ళకి ఫోన్ చేసి చెబుతున్నాం. అడ్వాన్సు పూర్తిగా ఇచ్చేస్తాం. రాజమండ్రిలో 19 ఏళ్ళుగా కుడుతున్నాను, ఒప్పుకున్న గుడ్డ తిరిగివ్వడం ఇదే మొదటిసారి. "ఆవిడకి ఇక చేతకావట్లేదట" అని బజార్లో ఒకరు అన్నారని విన్నాను. ఆ మాట నాకు చాలా గుచ్చుకుంది. అందుకే జరిగింది నేనే చెబుతున్నాను.

జ్యేష్ఠమాసంలో ఒక పెళ్ళికూతురి ధర్మవరం పట్టు జాకెట్టు పాడుచేశాను. చేతులు రెండూ ఒకే పక్కకి కత్తిరించేశాను. చెయ్యికి ముందువైపు చంక దగ్గర లోతు కాస్త ఎక్కువ తీస్తాం కదా, అందుకని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వచ్చేలా గుడ్డ వేసుకోవాలి. పని నేర్చుకునే పిల్లకి మొదటి నెలలోనే చెప్పే సంగతి ఇది. పట్టుగుడ్డ తిప్పి కుడదామంటే జరీ వెనకవైపు పైకి కనిపిస్తుంది. చీరతో వచ్చిన ముక్క కాబట్టి, అలాంటి గుడ్డ ఇంకోటి దొరకదు. కత్తెర కింద పెట్టి ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

అప్పుడు టైము రాత్రి రెండు. ఆ జాకెట్టు ఇవ్వాల్సింది ఇంకా పది రోజులకి. తొందరేమీ లేదు. ఇంట్లో నిద్ర పట్టక, ఎవరికీ చెప్పకుండా వచ్చి, షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

సీజన్లో రాత్రిళ్ళు కుట్టడం మా వృత్తిలో మామూలే. కానీ సీజన్ అయ్యాక ఆగాలి, నేను ఆగలేదు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక కొట్టు ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని. నా జాకెట్లే విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. ఆదివారం సాయంత్రం అందరితో కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్, మిషన్ ముందు కూర్చోగానే తగ్గిపోయేది. కొట్టుకి వెళ్ళి గుడికి వెళ్ళానని మా అమ్మాయికి అబద్ధం చెప్పాను. పనికోసం అబద్ధమాడాల్సిన అవసరం ఏమొచ్చింది నాకు?

మన దగ్గర కుట్టించుకునే ఒక డాక్టరమ్మ బీపీ చూసి, నన్ను కూర్చోబెట్టి ఏడు ప్రశ్నలు అడిగారు. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో తయారుచేసినవట. పనికి ఇంకా టైము ఎలా దొరుకుతుందా అని ఆలోచిస్తున్నావా, అనుకున్నదానికన్నా ఎక్కువసేపు చేస్తున్నావా, మనసులో బాధో భయమో తగ్గడానికి పనిలో పడుతున్నావా, తగ్గించమంటే వినట్లేదా, ఆపితే చిరాకొస్తోందా, సరదాలూ వ్యాయామం మానేశావా, ఆరోగ్యం పాడైందా. ఏడాదిగా వీటిలో నాలుగింటికి "తరచూ" అనో "ఎప్పుడూ" అనో చెబితే పనికి బానిసవుతున్నట్టు లెక్కట. నేను ఆరింటికి చెప్పాను. వారానికి 55 గంటలు, అంతకన్నా ఎక్కువ పనిచేసేవాళ్ళకి పక్షవాతం వచ్చే ముప్పు, 35-40 గంటలు చేసేవాళ్ళకన్నా 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిందని కూడా అన్నారావిడ. నావి వారానికి 90 దాటుతున్నాయి. ఇన్నేళ్ళూ దాన్ని కష్టపడే గుణమనే అనుకున్నాను, మీరూ అలాగే మెచ్చుకున్నారు.

పని తగ్గించుకోవాలని తెలిసినా, తిరిగివ్వాల్సిన ఆ 46 విడదీయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మూట కట్టడం, మళ్ళీ విప్పడం. ఇది పాతికేళ్ళ స్నేహం, ఇది ఆవిడ మొదటి వరలక్ష్మీ వ్రతం, ఇది ఎలా ఇచ్చేస్తాను అని. వేరే టైలర్‌కి ఇచ్చి కుట్టించి మన పేరుతో ఇవ్వొచ్చు కదా అన్నారు కొందరు. అది మాత్రం నావల్ల కాదు. నా కొట్టులోంచి వెళ్ళే జాకెట్టుకి కటింగ్ నా చేతిదే ఉండాలి. మొండితనం అనుకున్నా సరే. చివరికి మొదటి వ్రతం వాళ్ళవీ, పెళ్ళివాళ్ళవీ ఉంచుకుని, మిగతావి ఎవరు ఆఖరున ఇచ్చారో వాళ్ళవి పక్కన పెట్టాను.

పాడైన జాకెట్టుకి అంచు రంగు పట్టు కొని వేరే చేతులు వేశాను. కుట్టుకూలి తీసుకోలేదు, చీర ఖరీదు ఇస్తానన్నాను. వాళ్ళమ్మగారు వద్దన్నారు. కానీ పెళ్ళిలో ఆ అమ్మాయి వేరే జాకెట్టు వేసుకుంది. ఆ తల్లీకూతుళ్ళకి ఇక్కడ మరోసారి క్షమాపణ చెబుతున్నాను.

ఉంచుకున్నవి వ్రతానికి మూడు రోజుల ముందే ఇస్తాం. కొలతల పుస్తకం, ఆది జాకెట్లు భద్రంగా ఉన్నాయి. అర్జెంటు పనులు ఇక తీసుకోను. మంగళవారం సెలవు. రాత్రి ఎనిమిదికి కొట్టు మూసేస్తాం, తాళం మా అమ్మాయి దగ్గర ఉంటుంది. ఎనిమిది దాటాక దయచేసి నాకు ఫోన్ చేసి "ఒక్క హెమ్మింగే కదా అక్కా" అనకండి. మీరు అడిగితే వచ్చేస్తానేమోనని నాకే భయంగా ఉంది.