ఇంగ్లిష్ వ్యాకరణ బోధనలో తెలుగుకు చోటివ్వాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లిష్ మాధ్యమం గురించిన వివాదం ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత న్యాయస్థానాల దాకా వెళ్లింది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. ఏ మాధ్యమం మంచిదన్న చర్చలోకి నేను వెళ్లడం లేదు. మాధ్యమం ఏదైనా సరే, ఇంగ్లిష్ అనే సబ్జెక్టులో వ్యాకరణాన్నీ పదజాలాన్నీ మనం చెబుతున్న తీరు తెలుగు ఇంటి నుంచి వచ్చిన పిల్లలను దృష్టిలో పెట్టుకున్నది కాదని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలాకాలం ఇంగ్లిష్ చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిగా మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

జవాబు పత్రాలు దిద్దే ఉపాధ్యాయులకు ఒక సంగతి బాగా తెలుసు. ఊరు మారినా, బడి మారినా, పిల్లలు చేసే తప్పులు మాత్రం చాలావరకు అవే. 'మై ఫాదర్ ఫార్మర్' అని రాసిన పిల్లవాడు అశ్రద్ధతో రాయలేదు. 'మా నాన్న రైతు' అన్నది మన భాషలో క్రియ అక్కరలేని పూర్తి వాక్యం కాబట్టి అలా రాశాడు. ఆ కారణం చెప్పకుండా ఎర్ర సిరాతో 'ఈజ్' చేర్చి వదిలేస్తే, ప్రతి వాక్యంలోనూ అది ఉండాలేమోనని భయపడి 'మై ఫాదర్ ఈజ్ గో టు ఫీల్డ్' అని రాస్తాడు. మనం దిద్దిన దిద్దుబాటే ఇక్కడ కొత్త తప్పుకు దారి తీసింది.

కాలాల సంగతి ఇంకా స్పష్టం. 'నిన్న ఆ సినిమా చూశాను', 'ఆ సినిమా ఇదివరకే చూశాను' అన్న రెండు వాక్యాల్లోనూ మనకు 'చూశాను' ఒక్కటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి 'సా', రెండోదానికి 'హ్యావ్ సీన్' కావాలి. అలాగే 'రోజూ బడికి వెళ్తాను', 'రేపు ఊరికి వెళ్తాను' అన్నప్పుడు మనకు క్రియ మారదు, ఇంగ్లిష్‌లో మారుతుంది. ఇన్ని తరగతులు చదివినా 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే', 'టుమారో ఐ గో టు విలేజ్' అన్న వాక్యాలు పోకపోవడానికి మూలం ఇక్కడ ఉంది. మనం చేస్తున్నదేమిటంటే, పన్నెండు టెన్సుల పట్టికను నల్లబల్ల మీద వేసి, సూత్రాలు రాయించి, 'గో, వెంట్, గాన్' అని వల్లె వేయించడం. రూపాలు నోటికి వస్తాయి గాని, వాటిలో దేన్ని ఎప్పుడు వాడాలో తెలియదు. అదే ఆ రెండు తెలుగు వాక్యాలను బల్ల మీద పక్కపక్కన రాసి, ఎప్పుడు జరిగిందో చెప్పిన వాక్యం ఏది, జరిగిపోయిందని మాత్రమే చెప్పిన వాక్యం ఏది అని అడిగితే, వెనక బెంచీ పిల్లలు కూడా సరిగ్గా చెబుతారు. ఆ తేడా వాళ్లకు తెలుసు. ఆ తేడాను ఇంగ్లిష్ క్రియలోనే చూపిస్తుందని చెప్పడమే మిగిలిన పని.

'ఏ', 'ద' అనేవి తెలుగులో లేవని, అందువల్ల మనవారికి అవి ఎప్పటికీ పట్టుబడవని చాలామంది చేతులెత్తేస్తారు. అది పూర్తిగా నిజం కాదు. 'పుస్తకం కొన్నాను' అన్నప్పుడు ఏదో ఒక పుస్తకం, 'పుస్తకాన్ని కొన్నాను' అన్నప్పుడు వినేవారికి ముందే తెలిసిన పుస్తకం అని మన చెవి చాలా సందర్భాల్లో గుర్తుపడుతుంది. ఈ ఒక్క జతతో మొదలుపెట్టి చెబితే ఆర్టికల్స్ పాఠం సగం తేలికవుతుంది. విభక్తుల విషయమూ అంతే. 'ఆరు గంటలకు', 'ఊరికి', 'నాన్నకు' అన్న మూడింటిలో మన 'కు' ఒక్కటే అయినా ఇంగ్లిష్‌లో 'యట్', 'టు', 'ఫర్' అని వేర్వేరుగా పలకవలసి వస్తుంది. 'నా మీద కోపం' కాస్తా 'యాంగ్రీ ఆన్ మీ' అయ్యేది కూడా అందుకే.

ఇంగ్లిష్ వారు మన భాష నేర్చుకోవలసి వచ్చినప్పుడు ఏం చేశారో గుర్తు చేసుకోవాలి. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్, 1840లో సి.పి. బ్రౌన్ అచ్చు వేసిన తెలుగు వ్యాకరణాలు రెండూ ఇంగ్లిష్‌లో రాసినవే. తమవారికి తెలియని భాషను తమవారికి తెలిసిన భాషలో వివరించడం వారికి నామోషీ అనిపించలేదు. మన పిల్లలకు మాత్రం ఇంగ్లిష్ వ్యాకరణాన్ని ఇంగ్లిష్ నిర్వచనాలతోనే నేర్పుతున్నాం. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు కూడా ఉన్నాయి. సైన్సు, సాంఘిక శాస్త్రం పుస్తకాలను ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో తెలుగు ఉండేలా రెండు రాష్ట్రాలూ అచ్చు వేయించడం మంచి పని. ఆ సాయం అన్నిటికంటే ఎక్కువ అవసరమైన ఇంగ్లిష్ వ్యాకరణ పాఠాలకు మాత్రం అది అందలేదు.

పదజాలం గురించి కొద్దిగా. పాఠం చివర ఇచ్చిన కఠిన పదాలకు అర్థాలు రాయించి బట్టీ పట్టించడం కంటే, తరచుగా వాడే మాటలను వాక్యాల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా చేయడం మేలు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, బెంగాలీ పిల్లల ఇబ్బందులను దగ్గర నుంచి చూసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల జాబితాను ప్రకటించారు. సాధారణ రచనల్లో కనిపించే మాటల్లో నూటికి 80 వరకు అందులోనివే ఉంటాయన్నది భాషా బోధకులు ఎరిగిన విషయం. ఆ మాటల మీద పట్టు లేని పిల్లలకు అరుదైన పర్యాయపదాలు ఇచ్చి ప్రయోజనం లేదు. పైగా బస్సు, టికెట్టు, డాక్టరు, ట్రాక్టరు, ఇంజెక్షను వంటి మాటలతో బడికి వచ్చే పిల్లలు ఇంగ్లిష్‌కు పూర్తిగా కొత్తవారు కూడా కాదు. మొదటి పాఠాలు ఆ మాటలతోనే అల్లవచ్చు.

తరగతిలో తెలుగు వాడితే పిల్లలు ఇంగ్లిష్ మాట్లాడటం నేర్చుకోరని కొందరు సహోపాధ్యాయులు అంటారు. పీరియడ్ అంతా తెలుగు అనువాదంతో గడిపేస్తే ఆ మాట నిజమే, అలా గడిపేవారూ ఉన్నారు. నేను కోరుతున్నది అది కాదు. కొత్త నియమం చెప్పేటప్పుడు మొదటి ఐదారు నిమిషాలు తెలుగు వాక్యంతో పోల్చి చెప్పి, మిగతా సమయమంతా పిల్లలచేత ఇంగ్లిష్‌లోనే అడిగించి, చెప్పించి, రాయించాలని కోరుతున్నాను. కారణం అర్థమైన పిల్లలు నోరు విప్పడానికి తక్కువ భయపడతారని ఇన్నేళ్లుగా చూశాను.

1958లో హైదరాబాద్‌లో ఏర్పడిన కేంద్ర ఇంగ్లిష్ సంస్థ నేడు ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మన మధ్యే ఉంది. ఆ విద్వాంసుల సహకారంతో రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు తెలుగు పిల్లల సాధారణ దోషాలను, వాటి కారణాలను, వాటిని సరిదిద్దే అభ్యాసాలను చేర్చి ఉపాధ్యాయులకు ఒక కరదీపికను తయారు చేయించాలి. పరీక్షల్లో విడి వాక్యాన్ని యాక్టివ్ నుంచి పాసివ్‌కు మార్చమనే ప్రశ్నలను తగ్గించి, పిల్లలు తమ ఊరి గురించో పని గురించో సొంతంగా రాసే నాలుగు వాక్యాలకు ఆ మార్కులు ఇవ్వాలి. కరదీపిక సిద్ధమయ్యేలోగా, వచ్చే వేసవి ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో కనీసం ఒక రోజును తెలుగు, ఇంగ్లిష్ వాక్య నిర్మాణాల పోలికకు కేటాయించవలసిందిగా రెండు విద్యాశాఖలనూ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
బాపట్ల జిల్లా