డ్యూమర్ సరస్సుకు కిక్కిస మడుగు ఎప్పుడు? జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్ర పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

డ్యూమర్ సరస్సును బాగుచేయడానికి వేసిన 16 అంశాల ప్రణాళిక మీ శాఖకు తెలిసిందే కనుక మళ్లీ వివరించం. ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు లేదు కాబట్టి అందులోని కిక్కిస మడుగు గురించి, అంటే హుంటె నది నీటిని కిక్కిస గడ్డితో వడకట్టే మడుగు గురించి, అందరి ముందూ అడుగుతున్నాం.

డ్యూమర్ సగటు లోతు ఒక మీటరు, అంతే. 1953లో కరకట్ట పూర్తయ్యాక వరద పచ్చికబయళ్ల మీద పరుచుకునే దారి పోయింది. హుంటె నది తెచ్చే ఒండ్రూ, నాచుకు మేతయ్యే భాస్వరమూ సరస్సులోనే దిగుతున్నాయి. 2009లో భాస్వరం తెచ్చే బోర్న్‌బాఖ్ వాగును సరస్సులోకి రాకుండా పక్కకు మళ్లించారు. మంచి పని చేశారు, కాదనం. కానీ హుంటె సంగతి?

ఎండలు ముదిరితే అడుగు మడ్డిలోని పాత భాస్వరం కూడా నీళ్లలో కలుస్తుంది. నీలి ఆకుపచ్చ నాచు పొంగుతుంది. పడమటి గాలి దాన్ని మా తూర్పు ఒడ్డు ఊళ్లు లెంబ్రుఖ్, హ్యూదె రేవుల్లోకి నెడుతుంది. అక్కడ కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్ తినేస్తుంది, తెల్లారేసరికి చేపలు చచ్చి తేలతాయి. 2011లో చూశారు కదా! పడవలూ గదులూ అద్దెకిచ్చే కుటుంబాలు ఏడాదికి సరిపడా సంపాదించుకునేది సరిగ్గా ఆ నెలల్లోనే. రేవుల్లో నాచు తోడితే కంపు తగ్గుతుందేమో గానీ భాస్వరం రావడం ఆగదు.

చిన్న కాలువల వెంట ఎరువు వేయని 3 మీటర్ల పట్టీ ఉందిగా అనకండి. పొలాల అడుగున వేసిన డ్రెయిన్ పైపులు ఆ పట్టీ కిందుగానే పోయి కాలువలో పడతాయి.

హుంటె నీరు సరస్సు చేరక ముందే కిక్కిసలో మెల్లగా పారి, ఒండ్రు అక్కడే దిగాలి. అయితే మడుగు కట్టే చోట ఏళ్లుగా ఎరువు తిన్న పైమట్టిని ముందే తీసేయండి. లేకపోతే నీరు నిలవగానే ఆ మట్టే భాస్వరం వదులుతుంది. తూములు వేసవి పారుదల చూసి కట్టొద్దు, ఒండ్రు ఎక్కువగా కొట్టుకొచ్చేది వరదల్లోనే. కిక్కిసను వేసవి చివర, పక్షుల గూళ్లు ఖాళీ అయ్యాక కోసి బయటికి తరలించాలి. శీతాకాలం దాకా ఆగితే పోషకాలు వేళ్లలోకి దిగిపోతాయి, కోసి లాభముండదు. పేరుకున్న ఒండ్రునూ ఎప్పటికప్పుడు తీయాలి. ఈ పనులకు ఏటా డబ్బు కావాలి, ఒక్కసారి ఇచ్చే నిధి సరిపోదు.

దయచేసి చెప్పండి: భూమి సేకరణ ఎంతవరకు వచ్చింది? నిర్వహణ ఖర్చు ఏ పద్దులో పెట్టారు? పని మొదలయ్యేది ఎప్పుడు? ఇంకో అధ్యయనం వద్దు మంత్రి గారూ, తేదీ చెప్పండి.

ఇట్లు
డ్యూమర్ తూర్పు ఒడ్డు గ్రామాల వాళ్లం