ఇంజన్ రెండు రోజులు, పైపులు మూడు వారాలు

నెల్లూరు,
ఆదివారం పొద్దున

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు. ఏం చేసేది, ఈ నెలంతా నాన్న అంబాసిడర్ కింద పడుకోవడంతోనే సరిపోయింది. ఎంత సబ్బు రుద్దినా గ్రీజు వాసన పోలేదు. మా ఆవిడ అన్నం కూడా దూరం నుంచే వడ్డిస్తోంది.

చివరికి ఇంజన్ మార్చేశానురా. పాత 1489 సీసీది దించి ఇసుజు 1.8 ఎక్కించాం. తొంభైల మొదట్లో కంపెనీవాళ్లే ఆ ఇంజన్‌ను ఐదు గేర్లతో అంబాసిడర్‌లో పెట్టారు కదా, ఇంకేముంది, నల్లేరు మీద నడకే అనుకున్నా. ఆర్టీవో అనుమతి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించడం, ఆ కాగితాల గోల ఇంకో ఉత్తరంలో రాస్తాలే.

దించి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. పొగ గొట్టానికీ హీటర్ పైపులకీ మూడు వారాలు!

పాత ఇంజన్‌కు గాలి పోయే దారి, పొగ వచ్చే దారి రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఇసుజుకు ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. పాత గొట్టం ఫ్లాంజి, అదే బోల్టులు బిగించే అంచు, తెచ్చి పెడితే బోల్టు రంధ్రాలు కూడా కలవలేదు. రైలెక్కి చెన్నై పుదుపేటకు పోయి, పాత సామాన్ల గుట్టల్లో వెతికి ఇసుజు మానిఫోల్డు (ఇంజన్‌లోంచి వచ్చే పొగనంతా ఒక్క గొట్టంలోకి కలిపేది), దాని కింది గొట్టం పట్టుకొచ్చా. అక్కడితో ఆగితే బాగుండేది. ఇంజన్ పెద్దదైంది గదా, పైపు కూడా పెద్దదుండాలని రెండున్నర అంగుళాలది వేయించా. శబ్దమైతే బ్రహ్మాండం, వీధి చివర కుక్కలు కూడా లేచి నిలబడ్డాయి. కానీ సెకండ్ గేర్లో కారు లాగదే! గొట్టం మరీ లావైతే పొగ జోరు తగ్గిపోతుంది, తక్కువ స్పీడులో ఇంజన్ మందగిస్తుంది. సన్నగా ఉంటే ఊపిరాడదు. చివరికి అంగుళం ముప్పావు పైపుకు దిగొచ్చా. డబ్బులు పోయాయి, శబ్దమూ పోయింది.

ఇంకో తప్పు మేస్త్రి చేశాడు. గొట్టాన్ని ఛాసిస్‌కు, అదే కారు అడుగు చట్రానికి, గట్టిగా వెల్డింగ్ కొట్టేశాడు. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంటుంది. మైపాడు రోడ్డు గుంతల్లో నాలుగు ఊపులకే గొట్టం పగిలింది. పొగ లోపలికి రావడం మొదలైతే అద్దాలన్నీ దించుకుని ఇంటికొచ్చాం. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తెలిసేసరికి మనిషే ఉండడు. ఇప్పుడు మధ్యలో వంగే జాయింటు వేసి, గొట్టాన్ని రబ్బరు పట్టీలకు వేలాడదీశాం.

నెల్లూరోడికి హీటరేందిరా అని నవ్వుతున్నావు కదూ? ప్రతి చలికాలం ఊటీ రమ్మని పిలిచేది నువ్వేగా! అసలు మా కారుకు హీటరే లేదు. పాతది ఒకటి దొరికితే బిగించాం. దాని పైపుల సైజు ఒకటి, ఇంజన్ మీద మూతుల సైజు ఇంకొకటి. లేత్‌లో ఇత్తడి ముక్క తిప్పించి అతికించాం. అయినా గాలి చల్లగానే వస్తోంది. రెండు కొసలూ ఒకే వత్తిడి ఉన్న చోట తగిలించామని రెండు రోజులకు గానీ బుర్రకెక్కలేదు. వేడినీళ్లు ఇంజన్ హెడ్ దగ్గర, థర్మోస్టాట్‌కు (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని వాల్వు) ముందే తీసుకోవాలి, తిరిగి వచ్చేవి పంపు పీల్చుకునే వైపు కలపాలి. లేకపోతే నీళ్లు కదలవు. లోపల గాలి బుడగ కూడా చిక్కుకుంటే కారు మూతి పైకెత్తి, రేడియేటర్ మూత తీసి వదిలించాం.

మొన్న ఒంగోలు పెళ్లికి పోయొస్తుంటే కావలి దగ్గర లారీ అడ్డం పడింది. మే నెల, మిట్ట మధ్యాహ్నం. టెంపరేచర్ ముల్లు పైపైకి పోతోంది. హీటర్ కూడా చిన్న రేడియేటరే కదా అని గుర్తొచ్చి ఫుల్లుగా పెట్టా. ముల్లు దిగింది. మాకు మాత్రం చెమటలు కాలువలు కట్టాయి. మా ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఊటీలో వాడాల్సింది ఇక్కడే వాడేశావు" అంది.

డిసెంబర్లో వస్తున్నాం. మలై ఖాజా రెండు కిలోలు తెస్తా, మీ అమ్మగారికి దాచిపెట్టకుండా ఇవ్వు.

నీ
నెల్లూరోడు