బ్యాకప్ నేర్పిన తమ్ముడికి థ్యాంక్స్

హన్మకొండలో మాది డీటీపీ షాపు. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు, ఏళ్లుగా చేసినవన్నీ షాపులో ఒక్క ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్‌లోనే ఉన్నాయి. 2023 జులై వానలకు ఇక్కడ కాలనీలు మునిగినప్పటి నుంచి మబ్బు పట్టిందంటే చాలు, నాకు టెన్షన్. అది తీర్చినవాడు మా వీధిలో రూమ్ తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. పేరు రాయొద్దన్నాడు, కాబట్టి తమ్ముడనే అంటాను.

కరీంనగర్‌లో అక్క వాళ్లింట్లో ఖాళీగా పడున్న కంప్యూటర్‌కి మా ఫైళ్లు చేరేలా ఆర్‌డిఫ్-బ్యాకప్ అనే ప్రోగ్రామ్ పెట్టాడు. ఇన్‌స్టాల్ చేయడం ఒక్క లైన్ పనే కానీ, రెండు వైపులా ఉండాలి. అక్కడేమో ఉబుంటు 18.04తో వచ్చిన 1.2.8 వెర్షన్, మా దగ్గర 2. ఈ రెండింటికీ నెట్‌వర్క్ మీద అస్సలు పొసగదు. తమ్ముడు ఆదివారం బస్సెక్కి కరీంనగర్ వెళ్లి, కొత్త ఉబుంటు ఎక్కించి వచ్చాడు. మా కంప్యూటర్ అక్కడి దాంట్లోకి వెళ్లేటప్పుడు పాస్‌వర్డ్ అడగకుండా ఎస్‌ఎస్‌హెచ్ కీ (తాళంచెవిలా పనిచేసే ఫైలు) పెట్టాడు. ఇప్పుడు షాపు మూశాక దానంతటదే నడుస్తోంది, మారినంత మేరకే పంపుతుంది.

అసలు థ్యాంక్స్ ఎందుకంటే, పెట్టేసి చేతులు దులుపుకోలేదు. ఫైళ్లు వెనక్కి తీయడం నాతోనే చేయించాడు, తను కీబోర్డు ముట్టలేదు. తాజా కాపీ అక్కడ మామూలు ఫోల్డర్‌లాగే ఉంటుంది, తెచ్చుకోవడమే. అంతకుముందువి మాత్రం తేడాల వరకే దాస్తుంది, అందుకే డిస్క్ తొందరగా నిండదు. ముహూర్తం మారిందని దిద్దిన ఒక కార్డు ఫైలు తీసుకుని, వెనక్కి తీసే కమాండ్‌లో మైనస్ ఆర్ (-r) పక్కన 10డి (10D, అంటే పది రోజులు) కొట్టమన్నాడు. పది రోజుల కిందటి కార్డు, పాత ముహూర్తంతో సహా, తెర మీదికొచ్చింది. పార్టీ వాళ్లు "మొదటిదే బాగుంది" అనడం మా పనిలో మామూలే, ఇక భయం లేదు.

పాతవి తీసేసే కమాండ్ దగ్గర మాత్రం ఆపాడు. 6 పక్కన పెద్ద ఎం (M) పెడితే ఆరు నెలలు దాటినవి పోతాయి, చిన్న ఎం (m) పెడితే ఆరు నిమిషాలు దాటినవి! "అన్నా, ఇది రాసి అంటించుకో" అన్నాడు. స్కెచ్‌పెన్‌తో రాసి మానిటర్ అంచుకి అంటించాను.

డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఆవిడ చేసిన సర్వపిండి మాత్రం కాదనలేదు. రోజంతా కంప్యూటర్ ఆన్‌లో ఉంచుతూ కరెంటు బిల్లు మాటెత్తని అక్కా బావలకు కూడా థ్యాంక్స్.

తమ్ముడికి సెమిస్టర్ పరీక్షలున్నాయి, ఇప్పుడప్పుడే కదిలించకండి. ఇలాంటిది ఎవరికైనా కావాలంటే షాపుకి రండి, నేనే చూపిస్తాను.