తూరు పట్నం బతికే ఉంది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో లెబనాన్‌లోని టైర్ నగరం గురించి వేసిన వ్యాసం చదివాను. అలెగ్జాండర్ దెబ్బకి ఆ ఊరు నేలమట్టమైందని, మళ్లీ లేవలేదని, ఇప్పుడక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవని రాశారు. టైర్ అంటే మన తెలుగు బైబిల్లోని తూరే. తూరు, సీదోను అని జంటగా వస్తాయి చూడండి, ఆ తూరు. మా సంఘంలో కూడా తూరు పతనం గురించి యెహెజ్కేలు ప్రవక్త చెప్పిన 26వ అధ్యాయం చదివినప్పుడల్లా ఈ మాటే చెబుతారు.

నేను సైన్యంలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. దక్షిణ లెబనాన్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిదళం కింద 1998 నుంచి మన భారత బెటాలియన్ ఉంటోంది. ఆ డ్యూటీకి నేనూ వెళ్లాను. మా క్యాంపు కొండల్లో, ఎబెల్ ఎస్ సాకీ దగ్గర. దళం హెడ్‌క్వార్టర్స్ సముద్రం ఒడ్డున నాకూరాలో. సామానుకీ కాగితాలకీ తిరిగేటప్పుడు తూరు మీదుగా పోయేవాళ్లం. అక్కడివాళ్లు సూర్ అంటారు. డ్రైవరుగా చెబుతున్నాను, చచ్చిపోయిన ఊళ్లో అంత ట్రాఫిక్ జామ్ ఉండదు. కాసిమియా దాటితే రోడ్డుకి రెండు పక్కలా అరటి తోటలు, నారింజ తోటలు. ఊళ్లోకి వస్తే బేకరీలు, మొబైల్ షాపులు, బడి వదిలిన పిల్లలు. రోమన్ల కాలపు రథాల పందెం మైదానం ఇప్పటికీ ఉంది, పొడవు సుమారు 480 మీటర్లు. దాని పక్కనే పాలస్తీనా కాందిశీకుల క్యాంపు, అల్ బస్. ఇటు పాత రాతి సమాధులు, అటు మేడల మీద ఆరేసిన బట్టలు. చేపల రేవులో చెక్క పడవలు, వలలు. ఒక ముసలాయన నేల మీద కూర్చుని, వల అంచుని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చిరిగిన చోట కన్నులు అల్లుతుంటే చాలాసేపు చూశాను. తూరు వలలు ఆరేసుకునే చోటు అవుతుందని ప్రవక్త చెప్పింది జరగలేదని నేను అనను, వలలైతే ఉన్నాయి. వలలు ఆరేసేవాళ్లు కూడా ఉన్నారు కదా, అదే నా మాట.

మాది గిద్దలూరు. నీళ్ల కష్టం తెలిసిన ప్రాంతం. అందుకేనేమో, ఈ ఊరి చరిత్ర చదువుతుంటే నాకు యుద్ధాలకంటే ముందు నీళ్లే కనబడ్డాయి. తూరు మొదట దీవి. ఒడ్డుకి కొంచెం దూరంగా సముద్రంలో ఉన్న బండ మీద కట్టిన పట్నం. కోటకి అంతకంటే మంచి చోటు లేదు, తాగడానికి మాత్రం చుక్క దొరకదు. ఈజిప్టులోని అమర్నాలో దొరికిన మట్టి పలకల్లో తూరు రాజు అబీమిల్కు ఫరోకి రాసిన ఉత్తరాలున్నాయి. క్రీ.పూ. 14వ శతాబ్దం నాటివి. సీదోను రాజు ఒడ్డున ఉన్న ఊషు ఊరిని పట్టుకున్నాడు, మాకు నీళ్లు లేవు, కట్టెలు లేవు, సైనికుల్ని పంపండి అని మొర. నీళ్ల ట్యాంకరు రావడం లేదని కలెక్టరుకి పెట్టుకున్న అర్జీలా ఉంటుంది. తర్వాత అష్షూరు (అస్సీరియా) సైన్యం కూడా అదే కిటుకు పట్టుకుంది. ఏటి దగ్గరా కాలువల దగ్గరా కాపలా పెట్టి ఐదేళ్లు నీళ్లు బంద్ చేసింది. వీళ్లు దీవిలోనే బావులు తవ్వుకుని నెట్టుకొచ్చారని యూదు చరిత్రకారుడు జోసిఫస్ రాశాడు. ఒడ్డున ఆ నీళ్లిచ్చిన రాస్ అల్ ఐన్ ఊటలు ఈనాటికీ ఉన్నాయి.

ఆ బండ మీద కూర్చునే సొలొమోనుకి దేవదారు మానులు పంపిన హీరాము రాజ్యం చేశాడు. అక్కడి నుంచే వెళ్లి ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ నగరం కట్టారు, క్రీ.పూ. 814లో అని పాత లెక్క. సముద్రపు నత్తల నుంచి తీసే తూరు ఊదా రంగు సంగతి మీ వ్యాసంలో బాగానే రాశారు. ఒక్కటి కలుపుతాను. 1909లో ఫ్రీడ్‌లాండర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 12,000 సముద్రపు నత్తల నుంచి తీస్తే వచ్చిన రంగు 1.4 గ్రాములు. పరీక్షిస్తే అది మన నీలిమందుకి తోబుట్టువేనట, రెండు బ్రోమిన్ పరమాణువులు ఎక్కువ, అంతే తేడా.

బబులోను రాజు నెబుకద్రెజరు తూరుని 13 ఏళ్లు ముట్టడించాడు. అలెగ్జాండర్ క్రీ.పూ. 332లో ఏడు నెలల్లో లోపలికి వచ్చాడు. దీవిలో ఉన్న తూరువాళ్ల దేవుడు మెల్కార్ట్ గుడిలో బలి ఇస్తానంటే తూరువాళ్లు కుదరదన్నారు. ఒడ్డున ఉన్న పాత ఊరిని పడగొట్టి, ఆ రాళ్లూ మానులూ సముద్రంలో పోసి దీవిదాకా కట్ట వేయించాడు. నీళ్ల అడుగున ముందే ఒక ఇసుక తిన్నె ఉందని, కట్ట దాని మీదుగానే పోయిందని ఈమధ్య పరిశోధకులు తేల్చారు. తూరువాళ్లు కంచు డాళ్లలో ఇసుక పోసి, నిప్పుల మీద ఎర్రగా కాల్చి గోడ మీంచి కుమ్మరించారు. అది కవచం లోపలికి జారితే విప్పుకోవడానికి వీలుండదు, దులుపుకోవడానికి వీలుండదు. యూనిఫాం మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని ఎండలో నిలబడినవాడిని, అది చదివి నా ఒళ్లు మండింది. చివరికి ఊరు ఓడింది కట్ట వల్ల మాత్రమే కాదు. సీదోను, బిబ్లోస్, సైప్రస్ ఓడలు 200కి పైగా అలెగ్జాండర్ వైపు చేరాయి, సముద్రం చేజారింది. ఎనిమిది వేల మంది చచ్చారు, ముప్పై వేల మందిని బానిసలుగా అమ్మారు.

మీ వ్యాసం ఇక్కడితో ఆగిపోయింది. అసలు కథ ఆగలేదు. అదే సీదోను నావికులు 15,000 మంది తూరువాళ్లని తమ ఓడల్లో దాచి తప్పించారని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. పదిహేడేళ్లు తిరిగేసరికి, క్రీ.పూ. 315లో అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ మళ్లీ ముట్టడి వేస్తే ఆ ఊరు ఏడాదికి పైగా నిలబడింది. నేలమట్టమైన ఊరు అలా నిలబడుతుందా? మరో మూడు వందల ఏళ్లకి స్ట్రాబో అనే భూగోళ పండితుడు, తూరు ఇళ్లకి రోముకంటే ఎక్కువ అంతస్తులున్నాయని, రంగు బట్టీల కంపుకి ఉండలేమని, కానీ డబ్బు అక్కడే ఉందని రాశాడు. మా సంఘం పెద్దలు వాళ్ల చేతిలోని గ్రంథమే తిరగేయవచ్చు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ సరుకు దించింది తూరు రేవులోనే. ఏడు రోజులు ఉన్నాడు. బయల్దేరేటప్పుడు భార్యాపిల్లలతో సహా అందరూ ఒడ్డుదాకా వచ్చి మోకరించారు. అలెగ్జాండర్ తర్వాత సుమారు 390 ఏళ్ల నాటి మాట అది.

మనకి పనికొచ్చే ముక్క ఇంకొకటి. పాతకాలపు గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో కృష్ణా తీరాన్ని మైసోలియా అని, ఘంటసాలని కంటకోసైల అని రాసినట్టు మన చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఆ గ్రంథానికి టాలెమీ ముఖ్యంగా ఆధారపడింది మారినస్ అనే ఆయన రాతల మీద. ఆ మారినస్‌ది ఏ ఊరనుకున్నారు? తూరే. ఆ నగరం క్రీ.పూ. 332లోనే అంతరించి ఉంటే, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆయన ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

2024 అక్టోబరులో ఇజ్రాయెల్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేసినప్పుడు టీవీలో చూశాను. ఖాళీ చేసి పొమ్మంటే జనం పరుపులు కార్ల మీద కట్టుకుని పోయారు. నవంబరులో యునెస్కో లెబనాన్‌లో 34 చోట్లకి తాత్కాలికంగా ప్రత్యేక రక్షణ ప్రకటించింది, అందులో తూరు ఉంది. శాంతిదళం గడువు 2026 డిసెంబరుతో ముగించాలని భద్రతామండలి తీర్మానించింది. పాత రాళ్ల గురించి రాసినప్పుడు అక్కడి మనుషుల గురించి కూడా నాలుగు వాక్యాలు రాయమని మనవి.

పోతే, వ్యాసంతో వేసిన ఫొటో తూరుది కాదు. ఆ ఆరు ఎత్తైన స్తంభాలు బాల్‌బెక్‌లోని జూపిటర్ గుడివి. అది సముద్రానికి దూరంగా, కొండలు దాటి బెకా లోయలో ఉంటుంది. అది కూడా సరిచేయగలరు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు, గిద్దలూరు