నేను రాసి చూడకుండానే మీకు అమ్మాను

జూన్‌లో బడులు తెరిచే ముందు మన కొట్టుకు జపాన్ పెన్సిళ్ళు వచ్చాయని మీ అందరికీ చెప్పాను. చాలా మంచివి, పిల్లలకు హెచ్‌బీ (ములికి మరీ గట్టిదీ మరీ మెత్తదీ కాని మధ్యరకం) తీసుకెళ్ళండి అని కూడా నేనే అన్నాను. అప్పటికి వాటిలో రెండు రకాలతో మాత్రమే రాశాను, అదీ బిల్లు పుస్తకం మీద. మిగతావన్నీ డబ్బా మీద ఉన్నది చూసి అమ్మాను. అది తప్పు. దానివల్ల మీలో కొందరి డబ్బు వృథా అయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట ఒకావిడ వచ్చారు. రెండో తరగతి చదివే పాపకు డజను కొన్నారు. చెక్కిన ప్రతిసారీ ములికి ఊడిపోతోందంటూ మూడు పెన్సిళ్ళు నా ముందు పెట్టారు. మెండర్ బ్లేడు అరిగి ఉంటుంది, మార్చి చూడండి అని పంపించేశాను. ఆవిడ వెళ్ళాక అందులో ఒకదాన్ని నిలువునా చీల్చి చూస్తే లోపల ములికి నాలుగు ముక్కలై ఉంది. పార్శిల్ దారిలో ఎక్కడో ఎత్తు నుంచి పడి ఉండాలి. పెన్సిల్ కింద పడితే చెక్కకు ఏమీ కాదు, పైన రంగు కూడా చెదరదు, లోపల మాత్రం విరుగుతుంది. ఆవిడ మాట వినకుండా తప్పు మెండర్ మీద తోసేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఆ రోజు నుంచి మూడు నెలలు, రాత్రి షట్టర్ దించాక రోజుకో పేజీ రాశాను. మన బడిపిల్లల చూచిరాత పుస్తకంలోనే, తెలుగులోనే. మన అక్షరాలకు పెన్సిల్ దాదాపు ప్రతి మలుపులోనూ గుండ్రంగా తిరగాలి. ములికి గట్టిదైతే ‘ఝ’ పూర్తయ్యేసరికి చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది, వెనక పేజీ మీద కూడా గాడి పడుతుంది. మరీ మెత్తదైతే కాసేపటికే మొన అరిగి ‘ఘ’, ‘ష’ లోపలి గీతలు కలిసిపోతాయి. పెన్సిల్ మీద హెచ్ అని ఉంటే ములికి గట్టిది, బీ అని ఉంటే మెత్తది, నల్లగా పడేది; పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ గుణం పెరుగుతుంది. జపాన్‌లో చిన్న తరగతుల పిల్లలకు బీ గానీ 2బీ గానీ వాడమంటారట. రాసి చూశాక కారణం తెలిసింది. చిన్న చేతికి నొక్కే బలం ఉండదు, నొక్కకపోయినా గీత నల్లగా పడాలి. మీకు నేను హెచ్‌బీ చెప్పాను. మన పిల్లలకు ఇప్పుడు బీ చెబుతున్నాను.

ఇంకో దిద్దుబాటు. మిత్సుబిషి పెన్సిల్ అంటే ఆ కార్ల మిత్సుబిషీయేనా అని చాలామంది అడిగారు, అవునన్నాను. కాదు. పెన్సిల్ కంపెనీ 1887లో విడిగా మొదలైంది, ఆ కార్ల మీద కూడా కనిపించే మూడు వజ్రాల గుర్తును 1903లోనే తన పేరున నమోదు చేసుకుంది. రెండింటికీ సంబంధం లేదు.

ఆ కంపెనీ 1958లో యూనీ అనే పెన్సిల్‌ను 50 యెన్‌లకు తెచ్చింది. అప్పటి మామూలు పెన్సిల్ ధర కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. 1966లో వచ్చిన హై-యూనీయే మన అరలో ఉన్న ముదురు మెరూన్ రంగుది. 10హెచ్ నుంచి 10బీ దాకా 22 రకాలు. దీన్ని చెక్కుతుంటే వచ్చే వాసన కోసమే నేను రెండు రోజులు అవసరం లేకపోయినా చెక్కాను. ఆ చెక్క జపాన్‌ది కాదు, అమెరికా పడమటి వైపు పెరిగే ఇన్సెన్స్ సెడార్. గీత మాత్రం ఎక్కడా గరుకు తగలకుండా వెన్నలా సాగుతుంది. బొమ్మలు వేసేవాళ్ళకు ఈ ధర పెట్టమని మనస్ఫూర్తిగా చెబుతాను. ఒకటో తరగతి పిల్లలకు వద్దు. వాళ్ళు వారానికి రెండు పారేసుకుంటారు, మన దేశంలో తయారయ్యే పెన్సిల్ వాళ్ళకు హాయిగా సరిపోతుంది.

టోంబో అంటే జపాన్ భాషలో తూనీగ. ఆ కంపెనీ మోనో 100 నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. నా చేతికి హై-యూనీ కంటే ఇదే కొంచెం గట్టిగా అనిపించింది, మొన ఎక్కువసేపు నిలిచింది. లెక్కలు చేసేవాళ్ళకు, పోటీ పరీక్షలకు నోట్సు రాసుకునేవాళ్ళకు ఇదే ఇస్తాను. చివర రబ్బరు లేదేమిటని అడుగుతున్నారు. అక్కడి పెన్సిళ్ళలో ఎక్కువ వాటికి ఉండదు, విడిగా కొనుక్కోవాలి.

మగ్గం వర్క్ డిజైన్లు వేసే అక్క ఒకరికి ట్రేసింగ్ పేపర్ కోసం 4బీ ఇచ్చాను. చెయ్యి తగిలి డిజైన్ అంతా మసకబారింది, ఆమెకు ఒక రోజు పని పోయింది. 2హెచ్ ఇవ్వాల్సింది. మార్చి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు.

ఇక నుంచి డజన్లు అమ్మను. ఒక్కొక్కటే తీసుకెళ్ళండి, నచ్చితే మళ్ళీ రండి. దిగుమతి సుంకం, రవాణా ఖర్చుల వల్ల ధర తగ్గించలేను, కాబట్టి నచ్చనిది మీ ఇంట్లో పడి ఉండకూడదు. ప్రతి పార్శిల్‌లోంచీ కొన్ని పెన్సిళ్ళు తీసి చివరిదాకా చెక్కి చూశాకే మిగతావి అరలో పెడతాను. జూన్, జులైలలో కొన్నవాటిలో ములికి ఊడుతుంటే సగం వాడినవైనా సరే, బిల్లు లేకపోయినా సరే, తీసుకురండి. కొత్తవి ఇస్తాను, లేదా డబ్బు వెనక్కి ఇస్తాను. కౌంటర్ పక్కన చిన్న బల్ల వేసి, రకానికొక పెన్సిల్ చెక్కి పెట్టాను. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు వాళ్ళ చూచిరాత పుస్తకం కూడా తెచ్చుకుని, అక్కడే కూర్చోబెట్టి రాయించి చూడండి.