బావి ఈత సముద్రంలో పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో పనిచేసే కుర్రాళ్లం మేం. మొన్న శని, ఆదివారాల్లో బైకులేసుకొని మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరు జిల్లా తీరానికి పోయొచ్చాం. మా ఊరి పక్కన ఇసుక మేటలేసుకొని పడుండే పెన్న కలిసే సముద్రం కదా, చూడాలని ఎప్పట్నుంచో ఆశ. దారి బాగుంది, చేపల కూర ఇంకా బాగుంది.

మా అందరికీ ఈత వచ్చు, కాకపోతే బావుల్లో నేర్చింది. నడుం లోతులో నిలబడ్డ మావాడి కాళ్ల కింద ఇసుక జారి, వెనక్కి మళ్లే నీళ్లు లోపలికి లాక్కుపోయాయి. వాడేమో ఒడ్డుకేసి ఎదురీదుతున్నాడు. వల సర్దుకుంటున్న పెద్దాయన "ఒడ్డుకు కాదబ్బయా, పక్కకు ఈదు!" అని కేకేశాడు. ఆ లాగే పాయ సన్నగా ఉంటుందంట. ఒడ్డు వెంబడే పక్కకు ఈది దాన్ని దాటితే, అలలే ఒడ్డుకు తోస్తాయి. మావాడు అట్లనే బయటపడ్డాడు.

ఈ రెండు ముక్కలు అక్కడ ఏ బోర్డు మీదా లేవు. ప్రమాదముండే చోట ఎర్రజెండా పాతి, తెలుగులో పెద్దక్షరాలతో రాయించండని అధికారులకు మనవి. సినిమా ఫ్లెక్సీలకు దొరికిన చోటు దీనికి దొరకదా?

– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా